టెక్ సందేహాలు: డిష్‌వాషర్‌లో దుర్వాసన పోవాలంటే యాప్ తప్పనిసరా?

ప్రశ్న: మా డిష్‌వాషర్ తలుపు తీయగానే కుళ్లిన గుడ్డు వాసన కొడుతోంది. గిన్నెలు మాత్రం శుభ్రంగానే కనిపిస్తున్నాయి. వెనిగర్ పోసి నడిపితే రెండు రోజులు బాగుండి, మళ్లీ మొదలైంది. యంత్రాన్ని శుభ్రపరిచే ప్రోగ్రామ్‌కు ప్యానెల్ మీద మీట లేదు, అది యాప్‌లోనే ఉంది. ఆ యాప్ ఖాతా తెరవమంటోంది, లొకేషన్ అనుమతి కూడా అడుగుతోంది. పెట్టుకోక తప్పదా?

జవాబు: తప్పదని అప్పుడే ఒప్పుకోకండి. ఇదే ఫిర్యాదు చిన్న చిన్న తేడాలతో పదే పదే వస్తున్నందువల్ల కాస్త వివరంగా రాస్తున్నాను. మీ యంత్రంలో వాసనకు మూలం జిడ్డు. గిన్నెల నుంచి వదిలిన కొవ్వు, నీరు చల్లారే కొద్దీ గడ్డకట్టి ఫిల్టర్‌కూ, దాని కింది గుంటకూ, గొట్టాల లోపలి గోడలకూ అంటుకుంటుంది. అందులో చిక్కుకున్న ఆహారపు తునకలను గాలి సోకని చోట బతికే బాక్టీరియా కుళ్లబెడుతుంది. గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టేది అక్కడే. గుంటలో కాసిని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండడం మాత్రం లోపం కాదు, పంపు సీళ్లు ఎండిపోకుండా ఉండేందుకు అది అవసరం. ఇక కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంటే అది వేరే సంగతి. వెంటనే స్విచ్ కట్టేసి, హీటర్ మీద ఏదైనా పడిందేమో చూసి, ఏమీ కనిపించకపోతే మెకానిక్‌ను పిలవాలి.

ముందుగా యంత్రానికి కరెంటు ఆపి, కింది అరను పూర్తిగా బయటకు లాగండి. అడుగున ఉండే గుండ్రటి ఫిల్టర్‌ను కొద్దిగా తిప్పితే చాలా యంత్రాల్లో అది చేతికి వచ్చేస్తుంది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. జాలీ రంధ్రాల్లోంచి వెలుగు రాకుండా బూడిద రంగు జిగట పొర అడ్డుపడి ఉంటే, మీరు వెతుకుతున్నది దొరికినట్టే. కుళాయి కింద పట్టి దులిపినంత మాత్రాన ఆ పొర ఊడదు. గిన్నెలు తోమే ద్రవం కలిపిన వేడి నీళ్లలో పావుగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో లోపలా బయటా రుద్దాలి. ఇనుప పీచుతో గీకితే జాలీ పాడవుతుంది. ఫిల్టర్ బయట ఉండగానే గుంటలోకి కూడా చూడండి, గాజు పెంకులు ఉండవచ్చు కాబట్టి చేతికి తొడుగు వేసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అది లాక్ పడిందో లేదో చూసుకోవాలి. వదులుగా వదిలేస్తే తునకలు నేరుగా పంపులోకి పోతాయి. ఇలాంటి ఫిల్టర్ ఒకటి ఉందన్న సంగతే తెలియకుండా ఏళ్ల తరబడి యంత్రాన్ని వాడేవారు ఉన్నారు. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పనివారిది ఎంత తప్పో, కొన్నాక మాన్యువల్ తెరిచి చూడనివారిది కూడా అంతే తప్పు.

తరవాత చూడవలసింది తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీని. తలుపు కింది అంచు మీద నీటి జల్లు పడదు, అందువల్ల ఆ మడతలో చేరిన నల్లటి మురికి ఎన్నిసార్లు యంత్రం నడిపినా అక్కడే ఉండిపోతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 18 దేశాల్లోని 189 డిష్‌వాషర్ల రబ్బరు పట్టీలను పరీక్షిస్తే 62 శాతంలో శిలీంధ్రాలు కనిపించాయి. వేడినీ, ఉప్పునూ, డిటర్జెంట్‌నూ తట్టుకునే ఎక్సోఫియాలా జాతి నల్ల ఈస్టులు వాటిలో సగానికి పైగా యంత్రాల్లో ఉన్నాయి. సబ్బు నీటిలో ముంచిన గుడ్డతో ఆ మడతను వారానికోసారి తుడిచి, ఆరనివ్వడమే దీనికి మందు. ప్రోగ్రామ్ ముగిశాక తలుపును కాసేపు ఓరగా తెరిచి ఉంచే అలవాటు కూడా ఎంతో మేలు చేస్తుంది.

ఇక అసలు విషయం వేడి. ఎకో ప్రోగ్రామ్ సాధారణంగా నీటిని 50 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటుగా మాత్రమే వేడి చేసి, ఆ లోటును ఎక్కువ సేపు నడవడం ద్వారా భర్తీ చేస్తుంది. గిన్నెల వరకు అది చక్కగా సరిపోతుంది, విద్యుత్తు కూడా ఆదా అవుతుంది. కానీ గొట్టాల్లో గడ్డకట్టిన కొవ్వును కదిలించడానికి ఆ వేడి చాలదు. ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌తో మరో చిక్కు ఉంది. అందులోని సెన్సర్ నీటిగుండా కాంతిని పంపి, నీరు ఎంత మురికిగా ఉందో కొలిచి, దాన్ని బట్టి ఎంతసేపు, ఎంత వేడితో కడగాలో తేల్చుకుంటుంది. గిన్నెలను ముందే తళతళలాడేలా కడిగి పెడితే, పని పెద్దగా లేదనుకుని అది తేలికపాటి ప్రోగ్రామ్‌తో సరిపెట్టేస్తుంది. ముక్కలూ ఎముకలూ గీకి పారేస్తే చాలు, కడిగి పెట్టనక్కర్లేదు.

యాప్ లేకుండా మీరు చేయగలిగింది కూడా ఇక్కడే ఉంది. యంత్రాన్ని శుభ్రపరిచే ప్రోగ్రామ్‌లో ప్రధానంగా జరిగేది ఖాళీ యంత్రంలో బాగా వేడి నీటిని తిప్పడమే. ప్యానెల్ మీద ఉన్న ఇంటెన్సివ్ ప్రోగ్రామ్‌ను, అంటే 65 నుంచి 70 డిగ్రీల దాకా వెళ్లేదాన్ని, గిన్నెలు లేకుండా, డిటర్జెంట్ మాత్రం వేసి నెలకొకసారి నడపండి. వెనిగర్ మీకు పనిచేయకపోవడంలో వింత లేదు. అది ఆమ్లం, నీటిలోని సున్నం పొరను కరిగిస్తుంది గాని కొవ్వును కరిగించదు. కొవ్వుకు క్షారమూ వేడీ కావాలి, ఆ క్షారం డిటర్జెంట్‌లో ఉంటుంది. పైగా వెనిగర్‌ను తరచూ వాడితే రబ్బరు భాగాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. బ్లీచ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి. అది స్టీలును తినేయడమే కాదు, లోపల మిగిలిన వెనిగర్‌తోనో సిట్రిక్ ఆమ్లంతోనో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే విషయానికి వస్తాను. నిత్య నిర్వహణకు కావలసిన మీటను ప్యానెల్ మీద నుంచి తీసి యాప్‌లో పెట్టడం తప్పుడు డిజైన్ అని నేను గట్టిగా నమ్ముతున్నాను. డిష్‌వాషర్‌ను పదేళ్లు వాడతాం. ఆ పదేళ్లూ యాప్ ఉంటుందని గాని, యంత్రంలోని సాఫ్ట్‌వేర్‌కు భద్రతా అప్‌డేట్లు వస్తాయని గాని ఎవరు పూచీ పడతారు? అప్‌డేట్లు ఆగిపోయిన యంత్రం మీ ఫోనూ, కంప్యూటరూ ఉన్న వైఫైలోనే కూర్చుని ఉంటుంది. ఇది ఉత్తి భయం కాదు. వృత్తిపరమైన అవసరాలకు వాడే ఒక వాషర్ డిసిన్ఫెక్టర్‌లోని (పరికరాలను కడిగి క్రిములను చంపే యంత్రంలోని) వెబ్ సర్వర్‌లో 2017లో ఒక లోపం బయటపడింది; పాస్‌వర్డ్ లేకుండానే, నెట్‌వర్క్ ద్వారా దాన్ని చేరుకోగలిగిన ఎవరైనా అందులోని ఫైళ్లను చదవగలిగేవారు. బయటపడిన భద్రతా లోపాల బహిరంగ జాబితా అయిన సీవీఈలో, సీవీఈ-2017-7240 అనే సంఖ్యతో ఆ లోపం నమోదై ఉంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న చట్టం, నెట్‌కు కలిసే గృహోపకరణాలకు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారులు ప్రకటించి తీరాలని చెబుతోంది. ఆ సమాచారం లేని యంత్రాన్ని కొనకపోవడమే మంచిది.

అయినా ఆ ప్రోగ్రామే కావాలనుకుంటే, యంత్రాన్ని గెస్ట్ వైఫైకి, అంటే రౌటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే నెట్‌వర్క్‌కు మాత్రమే కలపండి, మరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి. లొకేషన్ అనుమతిని యాప్ వాడేటప్పుడు మాత్రమే ఇచ్చి, జత కుదిరాక తీసేయండి. దూరం నుంచి యంత్రాన్ని నడిపే సౌకర్యాన్ని ఆపేయండి. ఎవరూ లేని ఇంట్లో నీరూ హీటరూ ఉన్న యంత్రం దానంతట అది మొదలుకాకూడదు. పని పూర్తయ్యాక యంత్రంలోని వైఫైని ఆపేస్తే మీ రోజువారీ వాడకానికి ఏ లోటూ రాదు.

ఇంత చేసినా వారంలోపే వాసన తిరిగొస్తే, సింకు కింద ఉన్న డ్రెయిన్ గొట్టాన్ని చూడండి. అది నేల మీదుగా నేరుగా సింకు పైపులోకి వెళ్తుంటే, సింకులోని మురుగు నీరు వెనక్కి తన్ని యంత్రంలోకి చేరుతుంది. గొట్టాన్ని సింకు అడుగు దాకా పైకెత్తి, వంపు తిప్పి, అక్కడ క్లిప్పుతో బిగించి, ఆ తరవాత కిందికి దింపి పైపుకు కలపాలని ప్లంబర్‌తో చెప్పండి.