ఫ్లోరెన్స్‌లో ఒకటిన్నర రోజే ఉంటే, కళ గురించి ఏమీ తెలియనివాళ్లు ఏం చూడాలి?

మీరు ఒకటిన్నర రోజు ఫ్లోరెన్స్‌లో ఉంటామని రాశారు. వెంట అమ్మగారు వస్తున్నారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. రినైసాన్స్ అంటే టెన్త్ సోషల్‌లో చదివిన 'సాంస్కృతిక పునరుజ్జీవనం' అన్న మాట తప్ప ఇంకేం గుర్తులేదన్నారు. బొమ్మలు చూడడం రానివాళ్లకు ఆ ఊళ్లో ఏమైనా అర్థమవుతుందా అన్నది మీ ప్రశ్న.

అర్థమవుతుంది. నాకు అర్థమయ్యేలా చేసింది మా నాన్న. ఆయన నలభై ఏళ్లు తాపీమేస్త్రీగా పనిచేశారు. మ్యూజియం అన్నది అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

నేను చదువు కోసం ఆ ఊళ్లో రెండేళ్లు ఉన్నాను. దిగిన మొదటి వారమే ఉఫీత్సీ గ్యాలరీకి పరిగెత్తాను. బొత్తిచెల్లి గీసిన వీనస్ ముందు అందరూ ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు, నేనూ ఎత్తాను. గంటన్నర గడిచేసరికి ఏ గదిలో ఏం చూశానో గుర్తులేదు. బయటికొచ్చాక చాలా దిగులేసింది. ఇంత గొప్పదంటున్నారు, నాకెందుకు ఏమీ అనిపించలేదని.

మరుసటి ఏడాది అమ్మానాన్నలు వచ్చారు. నాన్నను ముందు పెద్ద చర్చికి తీసుకెళ్లాను. దాని పునాది 1296లో వేశారు. గోడలు లేచాయి, పైన ఎనిమిది పలకల ఖాళీ మిగిలింది. వెడల్పు సుమారు 45 మీటర్లు. దాని మీద గుమ్మటం ఎలా కట్టాలో ఎవరికీ తెలియదు. నేల నుంచి అంత ఎత్తుకు సెంట్రింగ్ కొట్టాలంటే సరిపడా కలప దొరకదు. 1418లో పోటీ పెట్టారు. బ్రూనెల్లెస్కి అనే ఆయన సెంట్రింగ్ లేకుండానే కడతానన్నాడు. ఆయన నేర్చుకున్న వృత్తి కంసాలి పని! 1420లో మొదలుపెట్టి 1436కల్లా గుమ్మటం మూసేశాడు.

ఈ మాట చెప్పగానే నాన్న ఆగిపోయారు. "సెంట్రింగ్ లేకుండానా? ఎట్టా నిలబడింది తల్లీ?" అన్నారు. పైకి 463 మెట్లు. గుమ్మటానికి లోపలొక పొర, బయటొక పొర ఉంటాయి, మెట్లు ఆ రెండింటి మధ్య నుంచి వెళ్తాయి. ఒకచోట గోడలో ఇటుకలు బయటికి కనిపిస్తాయి. నాన్న అక్కడ నిలబడిపోయారు. వెనకవాళ్లకు దారి ఇచ్చి, మళ్లీ వచ్చి చూశారు. ఇటుకలన్నీ వరసగా పడుకోబెట్టి ఉన్నాయి, కానీ కొంత దూరానికొకటి నిలువుగా ఉంది. ఆ నిలువు ఇటుకలు ఒక వరస నుంచి పై వరసకు మెలికలు తిరుగుతూ పోతాయి. ఇటాలియన్లు దీన్ని చేపముల్లు అంటారు.

నాన్న నాకు విడమరిచి చెప్పారు. గోడ లోపలికి వాలే కొద్దీ కొత్తగా పెట్టిన ఇటుక, మాలు గట్టిపడకముందే జారిపోతుంది. ఈ నిలువు ఇటుకలు మేకుల్లా మధ్యలో నిలబడి పక్కవాటిని జారకుండా పట్టుకుంటాయి. వరస చుట్టూ తిరిగి కలిసిందంటే ఇక అదే గట్టి. "ఈయనెవరో పని తెలిసినోడమ్మా" అన్నారు. నేను పుస్తకాల్లో చదివినా బుర్రకెక్కని విషయం అది.

అక్కడి నుంచి నా చూపు మారింది. రినైసాన్స్ అంటే పాత గ్రీకు, రోమన్ పుస్తకాలు మళ్లీ చదవడం అని మనం నేర్చుకుంటాం. అది నిజమే. కానీ ఆ ఊళ్లో అది పనివాళ్ల పోటీ కూడా. చర్చి కట్టడం బాధ్యత ఉన్ని వ్యాపారుల సంఘానిది. ఎదురుగా ఉన్న బాప్టిస్ట్రీ, అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరం, దాని కంచు తలుపుల కోసం 1401లో ఇంకో వ్యాపార సంఘం పోటీ పెడితే బ్రూనెల్లెస్కి, గిబెర్టి ఇద్దరూ ఒకే కథను కంచులో పోతపోశారు. గెలిచింది గిబెర్టి. ఆ రెండు పలకలూ ఇప్పుడు బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి. ఓర్సాన్‌మికేలే అని ఒకప్పటి ధాన్యం మార్కెట్ ఉంది, దాని గోడ గూళ్లలో ఒక్కో వృత్తి సంఘం ఒక్కో విగ్రహం పెట్టించింది. నారబట్టల వాళ్లదీ, కవచాలు చేసేవాళ్లదీ డొనాటెల్లో చెక్కాడు. ఇప్పుడు గూళ్లలో ఉన్నవి నకళ్లు, అయినా ఆ వీధిలో నడిస్తే చాలు, ఊరంతా ఎలా పోటీపడిందో తెలుస్తుంది.

ఇక నేను తప్పకుండా చూడమనేది నది అవతల కార్మినే చర్చిలోని బ్రంకాచ్చి చాపెల్, అంటే చర్చి లోపలి చిన్న ప్రార్థన గది. దానికి ముందే టైమ్ బుక్ చేసుకోండి. 1420లలో మసొలీనో, మసాచ్చో కలిసి ఆ గోడల మీద బొమ్మలు వేశారు. మసాచ్చో 1428లో చనిపోయాడు, ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఆడం, ఈవ్‌లను స్వర్గం నుంచి వెళ్లగొట్టే బొమ్మ ఆయనదే. ఆడం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఈవ్ తల పైకెత్తి నోరు తెరిచి ఏడుస్తోంది. మా అమ్మ ఆ బొమ్మ చూసి, "చావు కబురు విన్న మనిషి ఇట్టాగే ఏడుస్తుంది" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

నాన్న మాత్రం గోడనే చూస్తున్నారు. ఫ్రెస్కో అంటే తడి సున్నపు పూత మీద వేసే రంగు. పూత ఆరేటప్పుడు సున్నం గాలితో కలిసి గట్టిపడుతుంది, రంగు అందులోనే బిగుసుకుంటుంది. అందుకే ఆ రోజు వేయగలిగినంత మేరకే పూత పూస్తారు. ఆ ముక్కను 'జొర్నాతా' అంటారు, అంటే ఒక రోజు పని అని. పక్కవాటంగా చూస్తే ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు సన్నని గీతలా కనబడుతుంది. "ఇది ఒక్కరోజు పూత కాదు, ఇదిగో ఇక్కడ ఆపాడు, పొద్దున మళ్లీ ఇక్కడ కలిపాడు" అని నాన్న గాల్లో వేలితో గీసి చూపించారు. ఆరువందల ఏళ్ల కిందటి మనిషి సాయంత్రం పని ఆపి దిగిపోయిన చోటు అది. ఒక బొమ్మ ముందు నాకు కళ్లు చెమర్చడం అదే మొదటిసారి.

మీకు నచ్చే సంగతి ఇంకొకటి. 1436లో ఆ పెద్ద చర్చిని ప్రతిష్ఠించింది పోప్ నాలుగో యూజీన్. ఆ కాలానికే వెనిస్ రాజ్యపు వర్తకుడు నికోలో కాంటి విజయనగరం చూశాడు. ఆయన ఇటలీకి తిరిగొచ్చాక చెప్పిన కబుర్లను ఆ పోప్ కార్యదర్శి పోజ్జో లాటిన్‌లో రాశాడు. మనకు శ్రీనాథుడు పద్యాలు చెబుతున్న రోజుల్లోనే అక్కడ ఈ గుమ్మటం లేస్తోంది. పటాల మీద ఎంత దూరమున్నా రెండూ ఒకే కాలమని తెలిశాక నాకు ఆ ఊరు పరాయిదిగా అనిపించలేదు.

మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం అసలుది అకాడెమియా గ్యాలరీలో ఉంది. క్యూ పెద్దది, ఓపిక ఉంటే వెళ్లండి. ఉఫీత్సీకి వెళ్తే నాలుగైదు గదులే ఎంచుకుని నిదానంగా చూడండి. ఆ బొమ్మలు అక్కడ మిగిలాయంటే అన్నా మరియా లుయిజా అనే ఆవిడ పుణ్యం. ఆ ఊరిని ఏలిన మెడిచి వంశంలో చివరి మనిషి. రాజ్యం వేరే వంశం చేతికి పోతున్నప్పుడు, 1737లో, ఈ కళాఖండాలు ఊరు దాటి పోకూడదని ఒప్పందం రాయించింది.

అమ్మగారి విషయానికొస్తే, 463 మెట్లు వద్దు, గుమ్మటం పైకి మీరొక్కరే వెళ్లండి. ఆవిడను శాన్ మార్కో మఠానికి తీసుకెళ్లండి. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి చెప్పే రోజుల్లో, బ్యాంకు నడిపిన కోసిమో మెడిచి తన డబ్బుతో దాన్ని తిరిగి కట్టించాడు. ఫ్రా ఆంజెలికో అనే సన్యాసీ ఆయన శిష్యులూ సన్యాసుల గదుల్లో ఒక్కోదానిలో ఒక్కో బొమ్మ వేశారు. పడుకుని లేవగానే ఆ సన్యాసికి ఆ ఒక్క బొమ్మే కనిపించాలని. నేనున్నప్పుడు మధ్యాహ్నం రెండుకల్లా మూసేసేవారు, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. పై అంతస్తుకు కొన్ని మెట్లున్నాయి, ఆగి ఆగి ఎక్కవచ్చు. మలుపు తిరిగి తలెత్తగానే ఎదురుగా గోడ మీద దేవదూత, మేరీ ఒకరికెదురుగా ఒకరు వంగి ఉంటారు. అక్కడ మాత్రం అమ్మగారిని ముందు ఎక్కనివ్వండి.