పాప కోసమని మందు మానేయకండి

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 27 ఏళ్లు. గ్రేవ్స్ జబ్బుకు (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) ఏడాదిగా థైరాయిడ్‌ను తగ్గించే కార్బిమజోల్ మాత్ర వాడుతున్నాను. ఇప్పుడు 9వ వారం. గర్భమని తెలియగానే మా డాక్టరు దాన్ని ఆపి, అదే పని చేసే పీటీయూ (ప్రొపైల్‌థయోయురాసిల్) రాశారు. అప్పటినుంచి వీపూ చేతులూ దురద. ఈ మందు లివర్‌ని పాడుచేస్తుందట కదా! కాన్పయ్యేదాకా మాత్రలేవీ వద్దంటున్నారు మా అత్తగారు. మా తోడికోడలు వేసుకునే థైరాయిడ్ మాత్ర నేనూ వేసుకోవచ్చా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, తోడికోడలి మాత్ర మాత్రం ముట్టుకోవద్దు. ఆమెకు థైరాయిడ్ తక్కువ, మీకు ఎక్కువ. ఆమె మింగేది హార్మోనే. అది మీ గుండెదడను ఇంకా పెంచుతుంది.

మీ డాక్టరు మందు మార్చడం సరైన పనే. 6 నుంచి 10 వారాల మధ్య బిడ్డ అవయవాలు ఏర్పడతాయి. ఆ సమయంలో కార్బిమజోల్ వాడితే కొందరు బిడ్డలకు నెత్తిమీద కొంతమేర చర్మం ఏర్పడకపోవడం, ముక్కు దారో అన్నవాహికో మూసుకుపోవడం జరగొచ్చు. పీటీయూతో అంత తీవ్రమైన లోపాలు తక్కువ. జబ్బు బాగా అదుపులో ఉండి మోతాదు చిన్నదైతే కొందరికి డాక్టరే మందు ఆపి, రక్తపరీక్షలతో కనిపెడుతుంటారు. మీ అంతట మీరు ఆపితే మాత్రం బీపీ పెరగడం, నెలలు నిండకుండానే కాన్పు, బిడ్డ బరువు తగ్గడం, మీ గుండె దెబ్బతినడం దాకా వెళ్లొచ్చు. మీ అత్తగారికి ఇది చదివి వినిపించండి. ఆవిడ భయం కూడా బిడ్డ గురించే.

దురద చాలామందికి చిన్న ఎలర్జీయే. అయినా రేపే డాక్టరుకు చెప్పి లివర్ పరీక్ష చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. లివర్ దెబ్బతిన్నా వాంతులు రావొచ్చు, అన్నీ వేవిళ్లే అనుకోవద్దు.

నన్ను ఎక్కువ కంగారుపెట్టేది మరొకటుంది. జ్వరంతో గొంతునొప్పి వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి తెల్లకణాలు లెక్క పెట్టించుకోండి. ఈ మందు అరుదుగా వాటిని బాగా తగ్గించేస్తుంది. అల్లం కషాయంతో సరిపెట్టుకునే జ్వరం కాదది.

నాలుగు వారాలకోసారైనా ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) చూపించుకోండి. మందు మాయ దాటి బిడ్డ థైరాయిడ్‌నూ అణుస్తుంది కాబట్టి మీ టీ4ను నార్మల్‌ పైఅంచున ఉంచుతారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) తక్కువగా కనిపించిందని బెంగపడొద్దు. థైరాయిడ్‌ను రెచ్చగొట్టి ఈ జబ్బు తెచ్చే ట్రాబ్ యాంటీబాడీ పరీక్ష ఇప్పుడొకసారి చేయించుకోండి. ఎక్కువుంటే 18–22 వారాల మధ్య మళ్లీ చేయించాలి. తర్వాతి నెలల్లో మోతాదు తగ్గడం మామూలే, కాన్పయ్యాక జబ్బు తిరగబెట్టడమూ ఉంది. అప్పుడు మందు వేసుకుంటూనే పాలివ్వొచ్చు, మోతాదు డాక్టరు చూసుకుంటారు.