నిబంధనలు ఎత్తేస్తే ఇళ్లు చవకవుతాయా?

ప్రశ్న: స్థలాల ధరలు, ఇంటి అద్దెలు మా అందుబాటులో లేకుండా పోయాయి. కట్టడాల నిబంధనలన్నీ తొలగించి మార్కెట్‌కే వదిలేస్తే ఇళ్లు చవకవుతాయని కొందరంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: కొంతవరకు నిజమేనండి. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఏ ప్రాంతంలో ఏం కట్టాలో నిర్దేశించే జోనింగ్ చట్టం లేదు. 1948, 1962, 1993లలో అక్కడి ఓటర్లే దాన్ని తిరస్కరించారు. అయినా నియమాలు లేకపోలేదు. దస్తావేజుల్లో రాసుకున్న షరతులను నగర ప్రభుత్వమే కోర్టు ద్వారా అమలు చేయించగలదు. 1998లో నగర మధ్యభాగంలో ప్లాటు కనీస విస్తీర్ణాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400 వరకు తగ్గించే వీలు కల్పించాక, ఒక పాత ఇంటి స్థలంలోనే మూడేసి ఇళ్లు లేచాయి. మార్కెట్ బలం అక్కడ కనిపిస్తుంది.

అయితే అన్ని నియమాలూ ఒకటి కావు. చిన్న ప్లాట్లలో ఇళ్లను, మరో అంతస్తును అడ్డుకునే నియమాలను సడలించాలి. చెరువు భూములను, కాలువ గట్లను, పెన్నా ఒడ్డును కాపాడే నియమాలను మాత్రం ముట్టుకోకూడదు. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు పల్లపు కాలనీలు నీట మునిగినప్పుడు, ఆ నష్టాన్ని భరించింది స్థలం అమ్ముకున్నవారు కాదు, అక్కడ కాపురముంటున్నవారే. ధర పెరుగుతుందని ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచిన ప్లాట్లపై పురపాలక సంస్థలు ఖాళీ స్థలాల పన్నును కచ్చితంగా వసూలు చేయడం కూడా అంతే అవసరమని నా అభిప్రాయం.