హైడ్రాలో గంజాయి ఉంటుందా?

సందేహం: ‘హైడ్రా వంటి అకశేరుకాల్లోనూ గంజాయి’ అనే శీర్షిక చూశాను (హైడ్రా అంటే మంచినీటిలో బతికే, వెన్నెముక లేని చిన్న జీవి). ఆ వ్యాసంలోనే, శరీరంలో తయారయ్యే ఒక పదార్థం పేరు ఒకచోట ‘ఆనందమైడ్’, మరోచోట ‘ఆనందామైడ్’ అని ఉంది. సవర్ణదీర్ఘసంధి వల్ల రెండోదే సాధువు కదా? ఇలాంటి పదార్థాలకున్న ఎండోకన్నాబినాయిడ్ అనే పేరును ‘అంతర్జనిత గంజాయి’ అనవచ్చా? అవి కణాల మీద అతుక్కునే చోట్ల గురించి ‘అకశేరుకాలకు ఈ గ్రాహకాలు లేవు’ అన్న వాక్యం సరైనదేనా, గురువుగారూ?

సమాధానం: సంధి సంగతి ముందు తేల్చుకుందాం. 1992లో జెరూసలేంలో రఫాయెల్ మెషూలం బృందం పంది మెదడు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, సంస్కృతంలోని ‘ఆనంద’కు రసాయనశాస్త్రంలోని ‘అమైడ్’ను తగిలించి పేరు పెట్టింది. సవర్ణదీర్ఘం రెండు సంస్కృత పదాల మధ్య జరిగే పని. అమైడ్ సంస్కృతం కాదు. తెలుగు దారిలో పోతే మేన, అల్లుడు కలిసి మేనల్లుడు అయినట్టు, పూర్వస్వరం పోయి ఆనందమైడ్ అవుతుంది. నిజానికి ఇక్కడ మనం సంధి చేయనక్కర్లేదు. ఆ మాట కలిసే వచ్చింది, విన్నట్టు రాసుకుంటే చాలు. అలా చూసినా ఆనందమైడే.

శీర్షిక మాత్రం తప్పు. తెలుగులో గంజాయి అంటే మొక్క, లేదా దాని నుంచి తీసిన మత్తుపదార్థం. ‘హైడ్రాలో గంజాయి’ అంటే ఆ మొక్క ఏదో హైడ్రా పొట్టలో దొరికిందన్న అర్థమే వస్తుంది. ఆనందమైడ్ జంతువు తన కణాల్లోని కొవ్వు నుంచి తానే చేసుకునే పదార్థం. మొక్కలోని పదార్థం మన శరీరంలో ఎక్కడ అతుక్కుంటుందో ముందు తెలిసింది, ఆ చోట సహజంగా అతుక్కునేది తర్వాత దొరికింది. అందుకే మొక్క పేరు దీనికి అంటుకుంది. ‘అంతర్జనిత గంజాయి’ అర్థంలోనూ తప్పే, కూర్పులోనూ సంస్కృతం, తెలుగు కలిసిన వైరిసమాసమే. ఎండోకన్నాబినాయిడ్ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ‘శరీరం తానే తయారుచేసుకునేది’ అని విప్పి చెప్పండి.

పేరులో ఆనందం ఉందని హైడ్రాకు హాయి కలుగుతుందనుకోకండి. దానికి మెదడే లేదు, ఉన్నది వలలా అల్లుకున్న నాడులు. గాయపడిన ఎర నుంచి గ్లూటథయోన్ అనే రసాయనం నీటిలోకి కారితే హైడ్రా నోరు తెరుస్తుంది. ఆనందమైడ్ తగిలిస్తే ఆ నోరు తొందరగా మూసుకుంటుందని 1999లో గమనించారు. ఒక మిల్లీమీటరు పొడవుండే సీనోరాబ్డైటిస్ అనే పురుగులో కథ అడ్డం తిరిగింది: ఆనందమైడ్ ఇస్తే తనకు నచ్చిన బ్యాక్టీరియా వైపు మరింతగా మొగ్గింది. సీ అర్చిన్ అనే సముద్రపు ముళ్లజీవిలోనైతే ఆకలితో పనే లేదు. దాని శుక్రకణం అండంలోకి చొరబడే ముందు జరగాల్సిన మార్పును ఇదే పదార్థం ఆపుతుంది. పనులు ఇన్ని రకాలుగా ఉంటే ‘మత్తు’ అనే అర్థం మోసే మాటను ఎలా వాడతాం?

ఇక ‘అకశేరుకాలకు ఈ గ్రాహకాలు లేవు’ అన్న వాక్యం. ఇందులో చిక్కు ‘లేవు’ అనే క్రియలో కాదు, ‘అకశేరుకాలకు’ అనే మాటలో ఉంది. సముద్రంలో రాళ్లకు అతుక్కుని బతికే సియోనాకు వెన్నెముక లేదు, కాబట్టి అది అకశేరుకమే. కానీ లార్వా దశలో పృష్ఠవంశం (వెన్నెముక కాదు, నోటోకార్డ్ అనే మెత్తని కడ్డీ) ఉంటుంది గనుక కార్డేటా వర్గానికి చెందుతుంది. మన శరీరంలో ఆనందమైడ్ అతుక్కునే సీబీ1, సీబీ2 గ్రాహకాలకు బంధువైన జన్యువు దానిలో ఉంది. ఆ ఒక్క జీవితోనే వాక్యం కూలిపోతుంది. ‘కార్డేట్లు కాని జంతువుల్లో సీబీ1, సీబీ2 తరహా గ్రాహకాలు కనిపించలేదు’ అంటే సరిపోతుంది. అవి లేని జీవుల్లో ఆనందమైడ్ వేరే గ్రాహకాల ద్వారా పనిచేయవచ్చు. సీనోరాబ్డైటిస్‌లో ఎన్‌పీఆర్-19 అలాంటిదే.

కీటకాల విషయంలోనూ ‘గ్రాహకం లేదు’, ‘పదార్థం లేదు’ అనే రెండూ ఒకటి కావు. ఆనందమైడ్ తయారీకి కావలసిన అరాకిడోనిక్ ఆమ్లం వాటిలో చాలా కొద్దిగా ఉంటుంది. అది మరో కారణం, దానికి మరో వాక్యం కావాలి. (ఈ ‘అరాకి’ని చూసి సాలీళ్ల అరాక్నిడా గుర్తొస్తుంది. సంబంధం లేదు. ఇది వేరుశనగ శాస్త్రీయనామం నుంచి వచ్చింది.)

శీర్షికకు చోటు తక్కువంటారా? ‘హైడ్రాలోనూ ఆనందమైడ్’. రెండే మాటలు.