చలికాలంలో ఇమ్యూనిటీ కావాలంటే ముందు ముక్కు సంగతి చూడండి

చలి మొదలైతే చాలు ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జలుబు చేస్తోందని, విటమిన్ సి, జింక్ మాత్రలు వేసుకుంటే ఇమ్యూనిటీ పెరుగుతుందా అని చాలామంది అడుగుతుంటారు. పెద్దగా పెరగదు. ఆ డబ్బు, శ్రద్ధ ముక్కు మీద, నిద్ర మీద, ఫ్లూ టీకా మీద పెడితే ఎక్కువ మేలు.

ముక్కు లోపల పల్చటి జిగురు పొర ఉంటుంది. గాలితో వచ్చిన వైరస్‌లు చాలావరకు దానికే అతుక్కుంటాయి. పొర కింద ఉండే సన్నటి నూగు ఆ జిగురును కొంచెం కొంచెంగా గొంతులోకి నెడుతుంది, మనకు తెలియకుండానే మింగేస్తాం. గదిలో గాలి పొడిబారితే జిగురు చిక్కబడుతుంది, నెట్టే వేగం తగ్గిపోతుంది. పైగా ఫ్లూ వైరస్ పొడి గాలిలో ఎక్కువసేపు బతికి ఉంటుంది. అందుకే తలుపులన్నీ బిగించి, హీటర్ వేసుకుని, అందరూ ఒకే గదిలో కూర్చోవడం బయటి చలి కన్నా ఎక్కువ చేటు చేస్తుంది.

పడకగదిలో గాలిలో తేమ ఎంతుందో చూపే హైగ్రోమీటర్ ఒకటి పెట్టుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. 60 దాటితే గోడలకు బూజు పడుతుంది, పరుపుల్లో కంటికి కనపడని పురుగులు పెరుగుతాయి. గదిలో తేమ పెంచే హ్యూమిడిఫయర్ వాడేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు నిన్నటి నీళ్ల మీదే ఇవాళ మళ్లీ పోయడం. లోపల పాకుడు పడితే ఆ క్రిములనే గదంతా చిమ్ముతుంది. రోజూ నీళ్లు పారబోయండి, మూడు రోజులకోసారి తోమి ఆరబెట్టండి. కంపనాలతో నీళ్లను తుంపరగా మార్చే అల్ట్రాసోనిక్ రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, లేకపోతే సామాన్ల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఎంత చలిగా ఉన్నా రోజుకు రెండు మూడుసార్లు ఓ పది నిమిషాలు కిటికీలు తెరవండి.

ముక్కు దిబ్బడగా ఉంటే ఉప్పునీళ్లతో కడుక్కోవచ్చు. 240 మిల్లీలీటర్ల నీళ్లకు అర టీస్పూను అయొడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంట సోడా. నీళ్లు కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చాకే వాడాలి. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి వద్దే వద్దు. వాటిలో నేగ్లేరియా అనే అమీబా ఉంటే అది ముక్కు నుంచి మెదడుకు ఎక్కుతుంది. అరుదే, కానీ దాదాపుగా ప్రాణం తీస్తుంది. సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో ఊపిరి పీలుస్తూ పై రంధ్రంలో పోస్తే కింది రంధ్రంలోంచి వచ్చేస్తుంది. మంట పుట్టిందంటే ఉప్పు తక్కువో ఎక్కువో అయినట్టు. తర్వాత గట్టిగా చీదకండి, చెవుల్లోకి ఎక్కుతుంది.

నిద్ర దగ్గర మాత్రం రాజీ పడొద్దు. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. రాత్రికి 6 గంటలు కూడా పడుకోనివాళ్లకు, 7 గంటలు దాటి పడుకున్నవాళ్లతో పోలిస్తే జలుబు చేసే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఉంది. ఏ మాత్రకూ ఇంత తేడా తెచ్చే శక్తి లేదు.

ఫ్లూ టీకా పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి జ్వరాలు మొదలుకాకముందే వేయించుకోండి. వైరస్ మారిపోతూ ఉంటుంది, అందుకే ఏటా వేయించుకోవాలి. మామూలు జలుబును అది ఆపదు. ‘వేయించుకున్నా జలుబు చేసింది’ అని చాలామంది మానేస్తారు, అది పొరపాటు.

ఇక మాత్రలు. విటమిన్ సి రోజూ వేసుకుంటే జలుబు రావడం ఆగదు, వచ్చినది కాస్త ముందు తగ్గుతుందంతే. జలుబు పట్టాక మొదలుపెడితే ఆ లాభమూ స్పష్టంగా కనపడలేదు. రోజుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే విరేచనాలు కావొచ్చు. జింక్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటి ఎక్కువకాలం వాడితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. ఎండ తగలనివాళ్లకు విటమిన్ డి లోపం ఉండొచ్చు, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. పెద్దలకు రోజుకు 600 యూనిట్లు (IU), 70 దాటినవాళ్లకు 800 సరిపోతాయి. డాక్టర్ చెప్పకుండా 4,000 దాటొద్దు, రక్తంలో కాల్షియం పెరిగే ప్రమాదం ఉంది.

ఆయాసం, ఛాతీలో నొప్పి, మూడు రోజులు దాటిన జ్వరం, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువైన జ్వరం, దగ్గు ఉంటే ఇంటి వైద్యం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.