చమురు బొట్టును వేడిచేస్తే తేదీ తెలుస్తుందా?

ప్రశ్న: మా మనవరాలు ఎమ్మెస్సీ జియాలజీ చదువుతోంది. రాయిలో చిక్కుకున్న చమురు బొట్టును వేడిచేసి, భూమిలో ఆ చమురు ఎప్పుడు చేరిందో చెప్పొచ్చంటుంది. జీవితమంతా లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు నమ్మబుద్ధి కావడం లేదు. వేడి కొలిస్తే తేదీ ఎలా వస్తుందండీ?
– రిటైర్డ్ మాస్టారు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అనుమానం కరెక్టే మాస్టారూ. అమ్మాయి చెప్పిందీ తప్పు కాదు, కాకపోతే మధ్యలో మెట్లు ఎగరగొట్టేసింది. చమురు రిజర్వాయర్ అంటే ప్రకాశం బ్యారేజీ వెనక నీళ్లు నిలిచినట్టు ఉండదు, ఇసుకరాయిలో రేణువుల మధ్య సందుల్లో ఉంటుంది. ఆ రాయి లోతుకు కూరుకుపోయి వేడెక్కుతున్నకొద్దీ రేణువుల చుట్టూ కొత్త క్వార్ట్జ్ పొర పెరుగుతుంది, పగుళ్లు అతుక్కుంటాయి. అలా అతుక్కునేటప్పుడు అక్కడున్న నీళ్లో చమురో కొంచెం లోపల ఇరుక్కుపోతుంది. వాటినే ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్లు అంటారు, చాలావాటి సైజు మిల్లీమీటర్‌లో వందోవంతు కూడా ఉండదు.

రాయిని పలుచటి పలకగా కోసి, రెండువైపులా అద్దంలా పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టి యూవీ లైటు వేస్తే నీటి బొట్లు చీకట్లోనే ఉంటాయి, చమురు బొట్లు నీలంగానో పసుపుగానో వెలుగుతాయి. (పలకను అతికించిన జిగురు కూడా కొన్నిసార్లు వెలుగుతుంది, కొత్తవాళ్లు దాన్నే చమురనుకుని సంబరపడిపోతారు.) ఒక్కో బొట్టులో చిన్న బుడగ కనిపిస్తుంది. ఇరుక్కున్నప్పుడు అది లేదు, చల్లారేకొద్దీ ద్రవం రాయికంటే ఎక్కువ కుంచించుకుపోయి ఆ ఖాళీ ఏర్పడింది. మళ్లీ నెమ్మదిగా వేడిచేస్తే బుడగ చిన్నదవుతూ, అటూ ఇటూ వణుకుతూ, ఒక డిగ్రీ దగ్గర టక్కున మాయమవుతుంది. అప్పటి ఉష్ణోగ్రత రాసుకోవాలి. ఇందులో ఒక కిటుకుంది: చమురు బొట్టులో వచ్చే అంకె నిజం కంటే బాగా తక్కువ చూపిస్తుంది. అందుకే దాని పక్కనే, అదే పగులులో, అదే సమయంలో ఇరుక్కున్న నీటి బొట్టు అంకెను నమ్ముతారు, ఆ నీళ్లలో మీథేన్ నిండా కరిగి ఉంటే ఇంకా నమ్మకం.

ఇక మీ లెక్క. నీటి బొట్టు 110 డిగ్రీలు చూపించిందనుకుందాం. నేలమీద 30, లోపలికి పోతే కిలోమీటరుకు 40 డిగ్రీల చొప్పున పెరుగుతుందనుకుంటే, మిగిలిన 80 డిగ్రీలకు 2 కిలోమీటర్లు. అంటే చమురు వచ్చేసరికి ఆ రాయి 2 కిలోమీటర్ల లోతులో ఉంది. మనకు వచ్చింది లోతే, తేదీ కాదు! ఆ పొర ఏ కాలంలో ఎంత లోతుకు దిగిందో చెప్పే చరిత్రను విడిగా, పైనున్న పొరల మందాలూ వాటి వయసులూ పట్టుకుని గీస్తారు, ఆ గీత మీద 2 కిలోమీటర్లు ఎక్కడ తగులుతుందో అదే తేదీ. కిలోమీటరుకు 40 అన్నది పూర్వం 35 ఉంటే జవాబు మారిపోతుంది, రాయి ఒకసారి దిగి మళ్లీ పైకి లేచి ఉంటే ఒకే ఉష్ణోగ్రతకు రెండు తేదీలొస్తాయి. కాబట్టి ఎవరైనా ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే అడ్డంగా ప్రశ్నించండి. నన్నడిగితే, వేడిచేసే ముందు ఏ బొట్టు ఏ పగులుదో, ఏది ముందు ఏది వెనకో కళ్లతో చూసి తేల్చుకోవడమే అసలు పని, అక్కడ తడబడితే ఎంత ఖరీదైన మెషీనైనా దండగే.

ప్రశ్న: మన కైకలూరు వైపు చమురు, గ్యాస్ బావులున్నాయి కదా. బావి తవ్వితే నీళ్లే పడినప్పుడు ఆ రాళ్లు ఇక పనికిరావా?
– పటమట, విజయవాడ

జవాబు: పారేయొద్దు! నీళ్లు పడిన రాయిలో కూడా చమురు ఇన్‌క్లూజన్లు బాగా కనిపిస్తే, ఒకప్పుడు అక్కడ చమురు ఉండి తర్వాత జారిపోయి ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో సీఎస్‌ఐఆర్‌ఓ (అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ) వాళ్లు 1990ల్లో దీనికి ఒక పద్ధతి పెట్టారు: రేణువులు లెక్కపెట్టి, వాటిలో 5 శాతానికి మించి చమురు ఇన్‌క్లూజన్లుంటే అక్కడ ఒకప్పుడు చమురు నిలిచిందని, 1 శాతం లోపైతే నిలవలేదని స్థూలంగా తీసుకుంటారు. బావిలోంచి డ్రిల్లింగ్ మడ్‌తోపాటు (తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదలాంటి ద్రవం) పైకొచ్చే రాతి ముక్కలు చాలు, ఏళ్ల తరబడి గోడౌన్లో పడున్నవైనా ఫరవాలేదు. ఆయిల్ కలిపిన మడ్‌తో తవ్విన బావి అయితే మాత్రం ముక్కల్ని బాగా కడగాలి, లేకపోతే పైన అంటిన ఆయిల్ కూడా యూవీలో వెలుగుతుంది. చమురు ఉండి పోయిందని తేలితే, అది ఎటు పోయిందన్నది తర్వాతి బావి ఎక్కడ తవ్వాలో ఆలోచించేవాళ్లకు పనికొచ్చే ప్రశ్న.