పచ్చళ్ళ పేరు మారుద్దామా? మార్చండి, బంగారం మాత్రం తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది భీమవరం. పదకొండేళ్ళుగా ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నాను. ఏడాదికి 38 లక్షల దాకా అమ్మకం ఉంటుంది. ఖర్చులన్నీ పోను 7 లక్షలు మిగులుతాయి. మూడింట రెండు వంతులు పాతవాళ్ళే, ఫోన్ చేసి తెప్పించుకుంటారు. మా పేరులో ‘అమ్మచేతి’, ‘పచ్చళ్ళు’ అన్న మాటలున్నాయి. రెండేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఇంచుమించు అదే పేరుతో ఇంకొకరు మొదలుపెట్టారు. వాళ్ళ సరుకు నచ్చనివాళ్ళు నాకు ఫోన్ చేసి తిడుతున్నారు. పైగా ఇప్పుడు పొడులు, సున్నుండలు కూడా చేస్తున్నాం. పేరు మార్చమని మా అమ్మాయి, ముట్టుకోవద్దని మావారు. కొత్త పేరు, లోగో, సీసాలు, ప్రచారం కలిపి ఒక ఏజెన్సీ 3.5 లక్షలు అడుగుతోంది. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాన్ని తీయాలా, బంగారం మీద లోన్ తీసుకోవాలా? అసలు మార్చాలా?

జవాబు: మార్చండి. కానీ 3.5 లక్షలు పెట్టి కాదు, రాత్రికి రాత్రి కాదు. బంగారం మీద అప్పుతో అయితే అసలే వద్దు.

మీవారి భయం అర్థం లేనిది కాదు. పదకొండేళ్ళ పేరు పోతే గిరాకీ పోతుందని ఆయన టెన్షన్. అయితే ఆ గిరాకీ దేన్ని పట్టుకుని వస్తోందో చూడండి. మూడింట రెండు వంతుల మంది మీకు ఫోన్ చేస్తున్నారు. వాళ్ళ ఫోన్లలో మీ నంబర్ ఏ పేరుతో ఉందో ఓ పదిమందిని అడిగి చూడండి. ‘భీమవరం పచ్చళ్ళ ఆంటీ’ అని ఉండటానికే ఎక్కువ అవకాశం! అంటే మీ అసలు ఆస్తి ఆ ఫోన్ నంబర్, మీ చేతి రుచి. పేరు ఏదైనా పెట్టుకోండి గానీ ఆ నంబర్ మాత్రం ఎప్పటికీ మార్చకండి. ఇప్పటిదాకా అది మీ వ్యక్తిగత సిమ్ అయితే, వ్యాపారానికి అదే ఉంచి ఇంటి మాటలకు వేరేది తీసుకోండి.

పేరు మారిస్తే దెబ్బ తగిలేది మిగిలిన మూడో వంతుకే. అంటే సుమారు 12.5 లక్షల అమ్మకం. ఆరు నెలల పాటు అందులో పావు వంతు పోయిందనుకున్నా, తగ్గే అమ్మకం లక్షన్నర పైచిలుకు. వంద రూపాయల అమ్మకంలో సరుకు, సీసా, కొరియర్ పోను నలభై మిగులుతుందనుకుంటే మీ చేతికి రాకుండా పోయేది 62 వేలు. మీ లెక్కల పుస్తకం చూసి ఆ నలభైని సరిచేసుకోండి. పేరు మార్పుకు అసలు ఖర్చు ఇదే, ఏజెన్సీ కొటేషన్‌లో కనిపించదు.

ఇక మార్చకపోతే? మీ పేరుతో ఉన్న అసలు చిక్కు అది మీ సొంతం కాకపోవడం. ‘అమ్మచేతి’, ‘పచ్చళ్ళు’ రెండూ సరుకు ఎలాంటిదో చెప్పే మాటలు. ఇలాంటి వాటికి ట్రేడ్‌మార్క్, అంటే ఆ పేరు మీదేనని చట్టం ఇచ్చే హక్కు, దొరకడం కష్టం. పదకొండేళ్ళుగా వాడి గుర్తింపు తెచ్చుకున్నామని రుజువు చేసుకోవాలి. ఒకవేళ దొరికినా, ఆ మాటలు వాడుకునే ప్రతివాళ్ళతోనూ గొడవ పడలేరు. ఈ పేరు మీద ఎంత ప్రచారం చేసినా అందులో కొంత హైదరాబాద్ వాళ్ళకే వెళ్తుంది, వాళ్ళ తప్పులకు తిట్లు మాత్రం మీకొస్తాయి. 2007లో యూటీఐ బ్యాంక్ యాక్సిస్ బ్యాంక్‌గా మారడం వెనకా ఉన్నది ఇలాంటి చిక్కే. యూటీఐ అన్న పేరు వేరే సంస్థలకూ ఉంది, దాని మీద పూర్తి హక్కు బ్యాంకుది కాదు. అంత పెద్ద బ్యాంకే మారి నిలదొక్కుకుంది.

కొత్త పేరు ఎంచుకునేటప్పుడు సరుకును చెప్పే మాట పెట్టకండి. మీ ఇంటిపేరు కావచ్చు, నానమ్మ ముద్దుపేరు కావచ్చు, ఇంకెవరూ పచ్చళ్ళకు వాడని మాట ఏదైనా కావచ్చు. రేపు సున్నుండలకూ అదే పనికొస్తుంది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో అలాంటి పేరు ఇప్పటికే ఉందేమో ఉచితంగా వెతకొచ్చు. పనిలో పనిగా హైదరాబాద్ వాళ్ళు మీ పాత పేరుకు దరఖాస్తు పెట్టారేమో కూడా చూడండి. పెట్టి ఉండి, అది రిజిస్ట్రీ వాళ్ళు దరఖాస్తులు ప్రకటించే ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చి ఉంటే, వచ్చిన నాలుగు నెలల్లోపు అభ్యంతరం చెప్పాలి. గడువు దాటినా కంగారు పడకండి. వాళ్ళకంటే ముందు నుంచి ఆపకుండా వాడుతున్న మిమ్మల్ని వాడొద్దని అనే హక్కు వాళ్ళకు రాదు. కాకపోతే రుజువులు ఉండాలి. పాత బిల్లులు, కొరియర్ రసీదులు, మొదట్లో వేయించిన లేబుళ్ళు ఈ వారమే ఒక ఫైల్‌లో పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కొత్త పేరుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే వ్యక్తులకు ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో సరుకుల వర్గానికి, 4,500 రూపాయలు. పచ్చళ్ళు 29వ క్లాసులో, పొడులు, మిఠాయిలు 30వ క్లాసులో వస్తాయి కాబట్టి మొత్తం 9,000, అటార్నీ ఫీజు వేరే. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై కార్యాలయమే. లోగోకు కాకుండా ముందు పేరుకు, అంటే వర్డ్ మార్క్‌కు పెట్టండి. లోగో రేపు మారినా పేరుకు రక్షణ ఉంటుంది. ఒకసారి రిజిస్టర్ అయితే పదేళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. వలయంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చేదాకా వేయకూడదు, అది చట్టవిరుద్ధం.

ఇప్పుడు డబ్బు ఆదా చేసే అసలు కిటుకు. సీసా మీది పేరు, సంస్థ పేరు ఒకటే కానక్కర్లేదు. 2025లో జొమాటో కంపెనీ ఎటర్నల్‌గా మారింది, యాప్ పేరు మాత్రం జొమాటోగానే ఉంచింది. మీరు దాన్ని తిరగేయండి. సంస్థ పేరు పాతదే ఉంచి, సీసా మీద కొత్త పేరు వేయండి. అప్పుడు జీఎస్టీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్, కరెంట్ అకౌంట్ వేటినీ ముట్టుకోనక్కర్లేదు. లేబుల్ కింద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబర్ ఇప్పుడున్నట్టే ఉంటాయి. రెండు మూడేళ్ళ తర్వాత సంస్థ పేరూ మార్చాలనిపిస్తే, పాన్ మీ సొంతదే కాబట్టి జీఎస్టీ నంబర్ మారదు. మార్పు జరిగిన 15 రోజుల్లో పోర్టల్‌లో సవరణ పెట్టాలి, దానికి ఫీజు లేదు. సవరించిన జీఎస్టీ సర్టిఫికెట్‌తో బ్యాంకుకు వెళ్ళాలి, లైసెన్స్‌లోనూ మార్పించుకోవాలి.

ఉన్న లేబుళ్ళు చింపేయకండి, అయ్యేదాకా వాడండి. తర్వాత వేయించే వాటి మీద కొత్త పేరు పెద్దగా, కింద చిన్నగా ‘పదకొండేళ్ళుగా మీకు తెలిసిన’ అంటూ పాత పేరు ఉంచండి. ఒక ఏడాది అలా నడవనివ్వండి. పాత ఖాతాదార్లకు వాట్సాప్‌లో మీ గొంతుతోనే ఒక మాట రికార్డు చేసి పంపితే, ఏజెన్సీ వీడియో కంటే అది బాగా పనిచేస్తుంది. కొత్త ఆకారం సీసాల జోలికి మాత్రం వెళ్ళకండి. ఇప్పుడు వాడుతున్నవి ఏ షాపులోనైనా దొరుకుతాయి, పగిలితే మార్చుకోవచ్చు. ప్రత్యేకంగా చేయిస్తే వేలల్లో ఒకేసారి కొనాలి, డబ్బంతా గాజులో ఇరుక్కుంటుంది.

ఈ లెక్కన ట్రేడ్‌మార్క్, అటార్నీ, ఒక మంచి లేబుల్ డిజైన్‌కు మీరు పెట్టాల్సింది 50 వేల లోపే. అమ్మకం తగ్గితే తట్టుకోవడానికి 62 వేలు పక్కన పెట్టండి. లేబుల్ ప్రింటింగ్ ఎలాగూ ఉండే ఖర్చే కాబట్టి లెక్కలో వేయలేదు. మొత్తం కలిపి మీ రెండు నెలల మిగులు. ఆరు నెలల్లో లాభంలోంచి కొంచెం కొంచెంగా తీయొచ్చు. ఐటీ రిటర్న్ ప్రిజంప్టివ్ పద్ధతిలో, అంటే అమ్మకంలో ఇంత శాతం లాభమని అంచనాగా చూపి, వేస్తుంటే ఈ ఖర్చుకు విడిగా పన్ను తగ్గదు. ‘ట్యాక్స్‌లో కలిసొస్తుంది’ అని ఏజెన్సీ వాళ్ళు అంటే దాన్ని బట్టి నిర్ణయం తీసుకోకండి.

లాభంలోంచే సరిపోతుంది కాబట్టి ఎఫ్‌డీ తీయనక్కర్లేదు. వద్దనడానికి ఇంకో కారణం ఆవకాయ. ఏప్రిల్, మే నెలల్లో కాయ, కారం, నూనె అన్నీ ఒకేసారి కొనాలి, సొమ్ము చేతికి రావడానికి నెలలు పడుతుంది. అప్పుడు అక్కరకొచ్చే డబ్బు లోగోలో ఉండకూడదు. బంగారం మీద లోన్ ఎప్పుడైనా తీసుకోవాల్సి వస్తే మామిడికాయల కోసం తీసుకోండి, ఆ సరుకు అమ్మగానే తీరుతుంది. కొత్త పేరు లేబుళ్ళు కూడా ఆ రెండు నెలల్లో పెట్టుకోకండి, చేతి నిండా పని ఉంటుంది. దసరాకు సున్నుండల డబ్బాల మీద మొదలుపెట్టండి. వాటికి పాత పేరు అలవాటు పెద్దగా లేదు కాబట్టి, జనం ఎలా తీసుకుంటున్నారో తెలుస్తుంది. ఆ అమ్మకం చూశాక పచ్చళ్ళ సీసాల సంగతి మీరూ మీవారూ కలిసి తేల్చుకోండి.